అక్షరానికి ప్రవర్తన నేర్పే పని

ఒక డిజైనర్ పోర్ట్‌ఫోలియోలో సగం పేజీల నిండా చెల్లింపు ఫారాలు, డ్యాష్‌బోర్డులు, సెట్టింగుల మెనూలు ఉంటాయి. మిగతా సగంలో మౌస్ దగ్గరకు రాగానే ముడుచుకునే అక్షరాలు, మైకులో మాట్లాడితే లావెక్కే శీర్షికలు, వేలితో తోస్తే ఒకదాని మీద ఒకటి కుప్పపడే పదాలు. చూసేవాళ్లు మామూలుగా మొదటి సగాన్ని బతుకుతెరువుగా, రెండో సగాన్ని సరదాగా లెక్కేస్తారు. ఆ విభజనకు కారణం లేకపోలేదు. కానీ పనిలో అసలేం జరుగుతోందో దాని వల్ల తెలియదు. రెండుచోట్లా డిజైనర్ తేల్చుకోవాల్సింది ఇదే: యూజర్ ఏదో ఒకటి చేసినప్పుడు అక్షరం ఏం చేయాలి, ఎంతసేపట్లో చేయాలి, ఎక్కడ ఆగాలి?

తేడా వచ్చేది సమయం ఎవరిది అన్నదగ్గర. డబ్బు పంపడానికి ఫారం తెరిచిన మనిషి తన పని మీద వచ్చాడు. అతని సమయంలో ఒక్క క్షణం కూడా అక్షరం తన కోసం వాడుకోకూడదు. ప్రయోగం చూడటానికి వచ్చిన మనిషి మాత్రం ‘ఇదేం చేస్తుందో చూద్దాం’ అని తన సమయాన్ని ముందే అప్పగించాడు. ఒకే సాంకేతికత, ఒకే చెయ్యి, ఒకే ఫాంట్ అయినా ఈ రెండు సందర్భాల్లో మంచి నిర్ణయాలు వేర్వేరుగా ఉంటాయి. రెండింటిలోనూ పనిచేసే డిజైనర్‌ను అంచనా వేయాలంటే ఈ తేడా అతనికి ఎంత స్పష్టంగా తెలుసో చూడాలి.

ఆకారం నుంచి సూత్రానికి

అచ్చులో అక్షరం ఒకసారి పడితే పడినట్టే. దాన్ని మొదట కుదిపినవాళ్లలో డచ్ డిజైనర్లు ఎరిక్ వాన్ బ్లాక్‌లాండ్, జస్ట్ వాన్ రోసమ్ ఉన్నారు. 1989లో వాళ్లు చేసిన బెయోవుల్ఫ్ ఫాంట్ ప్రింటర్ దగ్గరకు వెళ్లాక, అక్షరం అంచుల్లోని బిందువులను ప్రతిసారీ యాదృచ్ఛికంగా కొంచెం జరిపేది. ఒకే పేజీలో పది ‘ఏ’లు ఉంటే పదీ పది రకాలు. ప్రింటర్లకు పేజీని వర్ణించే పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో గీతలు గీయించే ఆదేశాల స్థానంలో తాము రాసుకున్న ‘ఫ్రీక్‌టూ’ అనే ఆదేశాన్ని పెట్టడమే వాళ్లు చేసిన చిలిపి పని. (పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను సృష్టించిన గైడో వాన్ రోసమ్ ఈ జస్ట్‌కు అన్నే. ఫాంట్ల ప్రపంచంలో పైథాన్ ఇంతగా పాతుకుపోవడానికి ఈ చుట్టరికం కూడా కొంత కారణం.) బెయోవుల్ఫ్‌లో డిజైనర్ గీసింది అక్షరాన్నే అయినా, ఖాయం చేసింది మాత్రం దాని రూపం ఎంతవరకు చెదరవచ్చన్న హద్దును.

తెర మీద ఈ ఆలోచనకు చోటు దొరికింది 1990ల్లో. ఎంఐటీలో విజిబుల్ లాంగ్వేజ్ వర్క్‌షాప్‌ను నడిపిన మ్యూరియల్ కూపర్ 1994లో టెడ్ సమావేశంలో ‘ఇన్ఫర్మేషన్ ల్యాండ్‌స్కేప్స్’ చూపించారు. అందులో పాఠం పేజీకి అంటుకుని ఉండదు. మూడు కొలతల శూన్యంలో తేలుతుంది. చూసేవారు దానిలోకి చొచ్చుకుపోయే కొద్దీ చిన్న అక్షరాలు పెద్దవై చదవడానికి వీలవుతాయి. కూపర్ అదే ఏడాది మరణించారు. ఆ తర్వాత ఎంఐటీలో ఆ బాటను జాన్ మైడా అందుకున్నారు. మైడా ‘రియాక్టివ్ బుక్స్’ వరుసను గమనిస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. ఒక్కో పుస్తకం ఒక్కో ఇన్‌పుట్‌కు కట్టుబడి ఉంటుంది: ఒకటి మైకు, ఒకటి మౌస్, ఒకటి గడియారం, ఒకటి కీబోర్డు, ఒకటి వీడియో కెమెరా. అంటే ముందు తేల్చుకోవాల్సింది అక్షరం దేనికి స్పందించాలన్నది. అందంగా ఎలా కదలాలన్నది ఆ తర్వాతి మాట. ఈ వరుసను తలకిందులు చేసిన ప్రయోగాలు ఇప్పుడు కోకొల్లలు. కదలిక కళ్లు చెదిరేలా ఉంటుంది, యూజర్ చేసినదానికీ దానికీ సంబంధం మాత్రం తెగిపోయి ఉంటుంది.

ఆ సంబంధం గట్టిగా నిలిచిన పనికి ఇప్పటికీ మంచి ఉదాహరణ కమీల్ అట్టర్‌బ్యాక్, రోమీ అకిటువ్ 1999లో చేసిన ‘టెక్స్ట్ రెయిన్’. ప్రేక్షకులు తెర ముందు నిలబడితే తమ నలుపు తెలుపు రూపం అద్దంలోలా కనిపిస్తుంది. పైనుంచి అక్షరాలు రాలుతుంటాయి. చెయ్యి చాపితే వచ్చి ఆ చేతి మీద వాలతాయి. ఒక కవితలోంచి వచ్చిన అక్షరాలవి, తగినన్ని పట్టుకోగలిగితే ఒక పదమో ముక్కో చదవొచ్చు. వెనకున్న సూత్రం నమ్మలేనంత చిన్నది: ఒక మోతాదు కంటే ముదురు రంగున్న చోట అక్షరం ఆగాలి, లేతగా ఉన్న చోట పడాలి. శరీరాన్ని గుర్తుపట్టడం, వేళ్లను లెక్కపెట్టడం ఏమీ లేదు. ఎవరూ సూచనలు చదవకుండానే పిల్లలు సైతం అర నిమిషంలో ఆడటం మొదలుపెట్టగలగడానికి కారణం ఆ సూత్రం చిన్నది కావడమే.

మైడా దగ్గర చదువుకున్న బెన్ ఫ్రై, కేసీ రియాస్ 2001లో ప్రాసెసింగ్‌ను తెచ్చారు, డిజైనర్లు, కళాకారులు కోడ్‌తో బొమ్మలు గీసుకోవడానికి చేసిన పరికరమది. 2013లో లారెన్ మెకార్తీ మొదలుపెట్టిన పీ5.జేఎస్‌తో ఆ పద్ధతి నేరుగా బ్రౌజర్‌లోకి వచ్చింది. ఇక 2016 సెప్టెంబరులో వార్సాలో జరిగిన టైపోగ్రఫీ (అక్షరాల రూపకల్పన, కూర్పు) సదస్సులో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి వేరియబుల్ ఫాంట్లను ప్రకటించాయి. ఒకే ఫైలులో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా ఉన్న మధ్య రూపాలన్నీ దొరుకుతాయి. ఆలోచన పాతదే. అడోబీ మల్టిపుల్ మాస్టర్ 1991 నాటిది, ఆపిల్ ట్రూటైప్ జీఎక్స్ కూడా 1990ల నాటిదే. కొత్తదనమల్లా అది వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ చేతికి చిక్కడం. మైకులో శబ్దం తీవ్రతను ఫాంట్ లావుకు కలపడానికి ఇప్పుడు పది పన్నెండు వరుసల కోడ్ చాలు. అంత తేలిక కావడం వల్లే వేరియబుల్ ఫాంట్ ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఒకదానికొకటి నకళ్లలా ఉంటున్నాయి. ఫాంట్‌లో కదిలించే మీట ఉంది కాబట్టి కదిలించారు, అంతే.

ఫారంలో అక్షరం

ఫారాలు, మెనూల లాంటి ఇంటర్‌ఫేస్ వైపు టైపోగ్రఫీ కంటికి ఆనదు. సరిగా కుదిరితే ఎవరూ గమనించరు, కుదరకపోతే ఏం కుదరలేదో చెప్పలేక చిరాకు పడతారు. ఇక్కడ చాలా నిర్ణయాలకు కొలతలున్నాయి. వెబ్ అందుబాటుకు సంబంధించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ప్రకారం మామూలు పాఠానికి నేపథ్యంతో కనీసం 4.5:1 కాంట్రాస్టు ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. యూజర్ వరుసల ఎడాన్ని అక్షర పరిమాణానికి 1.5 రెట్లకు పెంచుకున్నా పేజీ విరిగిపోకూడదు. పాఠాన్ని 200 శాతానికి పెంచినా చదవగలగాలి.

ఈ చివరి నియమం దగ్గర ఇటీవలి ఫ్యాషన్ ఒకటి తరచూ బోల్తా పడుతుంది. తెర వెడల్పును బట్టి అక్షరం సాగేలా చేయడానికి పరిమాణాన్ని పూర్తిగా తెర వెడల్పులో శాతంగా ఇస్తారు. ల్యాప్‌టాప్ మీద చక్కగా కనిపిస్తుంది. కళ్లు సరిగా ఆనని మనిషి బ్రౌజర్‌లో జూమ్ చేస్తే అక్షరం మాత్రం పెరగదు, తెర వెడల్పు మారలేదు కాబట్టి. కొలతలో కొంత భాగమైనా యూజర్ ఎంచుకున్న మూల పరిమాణానికి కట్టి ఉంచితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. ఇది డిజైన్ ఫైలులో ఎప్పటికీ కనపడని తప్పు. బొమ్మ గీసి పక్కవాళ్లకు అప్పజెప్పే డిజైనర్‌కు దొరకదు, బ్రౌజర్‌లో వేలు పెట్టి పనిచేసే డిజైనర్‌కు వెంటనే దొరుకుతుంది.

ఫాంటు దిగే తీరు కూడా ప్రవర్తనే. పేజీ ముందు యంత్రంలోనే ఉన్న సిస్టమ్ ఫాంట్‌తో కనిపించి, నెట్ నుంచి దిగే వెబ్ ఫాంట్ వచ్చాక మారితే వరుసలు ఎగిరిపడతాయి. నొక్కబోతున్న బటన్ కిందికి జారిపోతుంది. పేజీల పనితీరుకు గూగుల్ పెట్టిన కోర్ వెబ్ వైటల్స్ అనే కొలతల్లో ఈ జారుడుకు 0.1 దాకా మంచి మార్కు. యూజర్ నొక్కాక తెర మారడానికి 200 మిల్లీసెకన్ల వరకు మంచిదని లెక్క. ఈ రెండో కొలత 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. దిగబోయే ఫాంట్ కొలతలకు దగ్గరగా సిస్టమ్ ఫాంట్‌ను సర్దితే జారుడు చాలావరకు తగ్గుతుంది. దీనికోసం సీఎస్ఎస్‌లో సైజ్-అడ్జస్ట్ ఉంది.

ఒకచోట నేర్చింది ఇంకోచోట

ప్రయోగాల్లో గడిపిన సమయం ఇంటర్‌ఫేస్ పనికి ఎలా ఉపయోగపడుతుందో చెప్పమంటే చాలామంది ‘సృజనాత్మకత’ అనేస్తారు. ఆ మాటతో పట్టుకోవడానికేమీ దొరకదు. నిజంగా చేతికి వచ్చేవి ఇంతకంటే చిన్నవి, పనికొచ్చేవి.

అక్షరం మౌస్ వెంట మెత్తగా జరగాలనుకుందాం. ఎక్కువమంది మొదట రాసే కోడ్ ఒకటే: ప్రతి ఫ్రేములో, అంటే తెర బొమ్మ మారిన ప్రతిసారీ, మిగిలిన దూరంలో పదో వంతు జరుపు. సెకనుకు 60 ఫ్రేముల తెర మీద సగం దూరం పోవడానికి దాదాపు 110 మిల్లీసెకన్లు పడుతుంది. అదే కోడ్‌ను 120 ఫ్రేముల ఫోన్ మీద నడిపితే 55 మిల్లీసెకన్లలోనే సగం దాటేస్తుంది. డిజైనర్ తన యంత్రం మీద గంటలు కూర్చుని సరిచూసుకున్న మెత్తదనం ఇంకొకరి చేతిలో తొందరపాటు అవుతుంది. ఫ్రేముల సంఖ్యను వదిలేసి, గడిచిన సమయాన్ని బట్టి జరపాలని ప్రయోగం నేర్పుతుంది. ఆ పాఠం డ్రాయర్‌లా తెరుచుకునే మెనూకూ, వేలితో పక్కకు నెట్టే కార్డుకూ అక్షరాలా వర్తిస్తుంది.

ఇంకొకటి వెడల్పు సంగతి. మెనూలో ఒక అంశం మీదకు మౌస్ వెళ్లగానే అది బొద్దుగా మారాలని అడుగుతారు. బొద్దు అక్షరం ఎక్కువ చోటు తీసుకుంటుంది, పక్క అంశాలన్నీ జరుగుతాయి, మెనూ మొత్తం వణికినట్టు ఉంటుంది. వేరియబుల్ ఫాంట్లతో ఆడుకున్న వ్యక్తికి గ్రేడ్ అనే అక్షం (ఫాంట్ రూపాన్ని మార్చే మీట) గురించి తెలిసి ఉంటుంది. రోబోటో ఫ్లెక్స్ లాంటి ఫాంట్లలో ఉన్న ఈ అక్షం గీత మందాన్ని మారుస్తుంది, అక్షరం వెడల్పును మాత్రం ముట్టుకోదు. మెనూ కదలదు, అంశం మాత్రం ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. డ్యాష్‌బోర్డులో క్షణక్షణం మారే అంకెలదీ ఇదే గొడవ. 1 సన్నగా, 8 వెడల్పుగా ఉన్న ఫాంట్‌లో మొత్తం సంఖ్య అటూ ఇటూ ఊగుతుంటుంది. ఫాంట్‌లో సమాన వెడల్పు అంకెలుంటే వాటిని ఎంచుకోవడానికి ఒక్క సీఎస్ఎస్ వరుస చాలు. ఈ చిన్న ఊగులాట కంటికి గుచ్చుకోవాలంటే అక్షరాల కదలికను పనిగట్టుకుని చూసిన అలవాటుండాలి.

రివర్సులోనూ ప్రవాహం ఉంది. ఇంటర్‌ఫేస్ పని చేసినవాళ్ల ప్రయోగాలు ఫోన్ మీద కూడా నడుస్తాయి. టచ్ తెర మీద మౌస్ పైనుంచి వెళ్లడమనేదే లేదని వాళ్లకు ముందే తెలుసు. మనిషి ఏమీ చేయకపోతే అక్షరం ఏ స్థితిలో ఉండాలి, ఇద్దరు ఒకేసారి ముట్టుకుంటే ఏమవ్వాలి, మూడక్షరాల పదానికి రాసిన సూత్రం మూడు వందల పదాల పేరాకు ఎక్కడ కూలిపోతుంది? ఫారాల్లో ఖాళీ స్థితి, తప్పు స్థితి, నిండిపోయిన స్థితి గీసి గీసి అలసిన చేతికి ఈ ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

అలాగని ప్రయోగాన్ని తెచ్చి ఉన్నపళాన ఉత్పత్తిలో అతికిస్తే పనిచేయదు. ఒక శీర్షికలో 40 అక్షరాలుండి, ఒక్కోటి 50 మిల్లీసెకన్ల తేడాతో మెరుస్తూ వస్తే చివరి అక్షరం చేరేసరికి దాదాపు 2 సెకన్లు. మొదటిసారి ముచ్చటగా ఉంటుంది. రోజుకు ఇరవైసార్లు ఆ పేజీ తెరిచే ఉద్యోగికి అది రోజూ కట్టే పన్ను. స్క్రోల్‌ను తన ఇష్టానికి నడిపించే పేజీలదీ ఇదే ధోరణి, వేలికీ తెరకూ ఉన్న ఒప్పందాన్ని తెంపేస్తాయి. ఎవరి సమయం ఎవరు వాడుకుంటున్నారన్న ప్రశ్న వేసుకుని ఉంటే ఇవి చాలావరకు గీత గీసే దశలోనే ఆగిపోయేవి.

ముక్కలు చేస్తే విరిగే లిపులు

అక్షరాలు విడివిడిగా కదలాలంటే ముందు పదాన్ని విడగొట్టాలి. ఈ రంగంలోని ఉపకరణాల్లో ఎక్కువ భాగం లాటిన్ లిపిని మనసులో పెట్టుకుని రాసినవే. ఒక కోడ్ పాయింట్ (కంప్యూటర్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య) ఒక అక్షరమని అవి నమ్ముతాయి. ‘స్త్రీ’ని అలాంటి పరికరానికి ఇస్తే ఆరు ముక్కలు తిరిగొస్తాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. విడివిడి డబ్బాల్లో పెట్టి కదిలిస్తే తెర మీద ఒత్తులు లేని సకారం, గాల్లో వేలాడే గుడిదీర్ఘం, చుక్కల వలయాలు. అరబిక్‌లో ఇంకో రకం చిక్కు. పక్క అక్షరంతో కలిసినప్పుడు మారాల్సిన రూపం, డబ్బా గోడ అడ్డొచ్చి మారకపోవచ్చు.

అన్ని లిపులకూ ప్రమాణమైన యూనికోడ్ నిర్వచించే గ్రాఫీమ్ క్లస్టర్లను, అంటే చదివేవారికి ఒకే అక్షరంగా అనిపించే గుర్తుల గుంపులను బట్టి విడగొట్టడం దీనికి సరైన దారి. అయితే అక్కడా చాలాకాలం లోటుండేది. పాత నియమాల ప్రకారం ‘స్త్రీ’ మూడు ముక్కలయ్యేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో సంయుక్తాక్షరాలను తెంచకూడదన్న నియమం చేరింది. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం దాని కిందికి వస్తాయి. ఆ నియమాన్ని అందుకున్న బ్రౌజర్‌లో పాఠాన్ని విడగొట్టే జావాస్క్రిప్ట్ ఉపకరణం Intl.Segmenter ‘స్త్రీ’ని ఒక్క ముక్కగానే ఇస్తుంది. పాత బ్రౌజర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి కాబట్టి, పొల్లు తర్వాత హల్లు వస్తే ముందుదానితో కలిపే చిన్న కోడ్‌ను జాగ్రత్తకు రాసుకోవడం ఉత్తమం.

విడగొట్టడం కుదిరినా పని అయిపోలేదు. ‘స్త్రీ’లో గుడిదీర్ఘం కోడ్‌లో చివరన ఉన్నా కంటికి కనిపించేది సకారం తల మీద. ఒత్తులు కింద ఉంటాయి. ఎడమ నుంచి కుడికి ఒక్కో ముక్కా ప్రవేశించే లాటిన్ నాటకం ఇక్కడ అర్థం లేనిది. లిపి పైకీ కిందికీ పెరుగుతుంది కాబట్టి కదలికకు కూడా నిలువు దిశే సహజంగా ఉంటుంది: హల్లు ముందు నిలబడి, ఒత్తు కిందనుంచి వచ్చి తగులుకుని, గుణింతం పైన వాలితే చూడటానికీ చదవడానికీ పొందిక. ఇలాంటి ప్రయోగాలకు చోటు బోలెడు ఖాళీగా ఉంది. ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ చేసిన అనేక్ తెలుగు లాంటి వేరియబుల్ ఫాంట్లలో లావు, వెడల్పు రెండు అక్షాలూ ఉన్నాయి. పదార్థం లేదనే సాకు చెల్లదు.

వెడల్పు, లావు మార్చేటప్పుడు ఒత్తుల మీద కన్నుండాలి. హల్లు కంటే ఒత్తు చిన్నది. లావు పెంచే కొద్దీ ముందు పూడుకుపోయేది ఒత్తు కడుపులోని ఖాళీయే. హల్లును చూసి ‘ఇంకొంచెం లావు’ అనుకునే లోపే కింద ఒత్తు మచ్చలా మారి ఉంటుంది. ఇంకో తరచు ప్రమాదం, ముసుగు కిందనుంచి వరుస పైకి లేచే శీర్షికలు. లాటిన్ శీర్షికల కోసం వరుస ఎత్తును అక్షర పరిమాణానికి సమానంగా పెట్టి, బయటికొచ్చిందాన్ని కత్తిరించమంటారు. తెలుగు పెడితే ఒత్తులన్నీ ముసుగులో తెగిపోతాయి. ఇక్కడ ఎవరూ లిపి మీద కక్షగట్టలేదు. డిజైన్ వ్యవస్థలో వరుస ఎత్తును లిపిని బట్టి మార్చే వీలు పెట్టకపోవడమే కారణం.

చేతిరాతలా అక్షరం గీసుకుంటూ వచ్చే కదలిక గురించి ఒక చిన్న మాట. ఫాంట్‌లో ఉండేది అక్షరం అంచు గీత, కలం నడిచిన దారి కాదు. అంచును గీయిస్తే ముగ్గు వేసినట్టుంటుంది తప్ప రాసినట్టుండదు. మధ్య గీతను వేరుగా గీసి, దాన్ని ముసుగుగా వాడాలి. దానికి దగ్గరదారి లేదు.

కదలిక పడనివాళ్లు

విడగొట్టిన పాఠాన్ని, చూపు లేనివాళ్ల కోసం తెరను చదివే స్క్రీన్ రీడర్ ఒక్కో అక్షరంగా చదివి వినిపించే ప్రమాదముంది. ముక్కల ప్రతిని స్క్రీన్ రీడర్‌కు కనపడకుండా దాచి, అసలు వాక్యాన్ని కంటికి కనపడని చోట చెక్కుచెదరకుండా ఉంచడం నమ్మదగిన పద్ధతి. తానంతట తానే మొదలై 5 సెకన్లకు మించి, మిగతా పాఠం పక్కన సాగే కదలికను ఆపే వీలుండాలని డబ్ల్యూసీఏజీ చెబుతుంది. సెకనుకు మూడుసార్లకు మించిన మెరుపులు మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకు ప్రమాదం. లోపలి చెవి సమస్యలున్నవాళ్లకు పెద్ద కదలికలు తల తిప్పేస్తాయి. కదలిక తగ్గించమని వాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెట్టుకున్న ఎంపికను బ్రౌజర్ ద్వారా తెలుసుకోవచ్చు.

ఆ ఎంపిక కనిపించగానే అన్నీ ఆపేసి నిశ్చలమైన పదాన్ని చూపేవాళ్లే ఎక్కువ. ఇంటర్‌ఫేస్‌లో అది చాలు. ప్రయోగంలో అలా చేస్తే చూడవచ్చిన మనిషికి తలుపు వేసినట్టే. స్థానం మార్చకుండా రంగుతోనో లావుతోనో స్పందించే రెండో రూపాన్ని అదే సూత్రం నుంచి తీయవచ్చు. సూత్రం గట్టిదైతే రెండో రూపం కూడా నిలబడుతుంది. ఈ పరీక్షలో కూలిపోయే పనులు మొదటి నుంచీ కదలిక మీదే బతుకుతున్నాయని తేలిపోతుంది.

ఎన్నాళ్లు నడుస్తుంది

ఇంటర్‌ఫేస్‌లు తిరగరాయబడుతూ ఉంటాయి, వాటి పాత రూపాల కోసం సాధారణంగా ఎవరూ వెతకరు. ప్రయోగాలకు ఆయుష్షు పెద్ద సమస్య. ఒక తరం ఇంటరాక్టివ్ టైపోగ్రఫీలో ఎక్కువ భాగం ఫ్లాష్‌లో, అంటే బ్రౌజర్‌లో కదిలే బొమ్మలను నడిపిన పాత సాఫ్ట్‌వేర్‌లో పుట్టింది. 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి మద్దతు ఆపేసింది. అదే ఏడాది నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ రఫుల్ అనే ఎమ్యులేటర్ (పాత సాఫ్ట్‌వేర్‌ను అనుకరించే ప్రోగ్రామ్) సాయంతో పాత ఫ్లాష్ పనులను బ్రౌజర్‌లో నడపడం మొదలుపెట్టింది గానీ, అన్నీ సరిగా నడవవు. బెయోవుల్ఫ్‌కూ ఇదే గతి పట్టింది. కొత్త ప్రింటర్ సాఫ్ట్‌వేర్లు ఆ ఫ్రీక్‌టూ మాయను నడవనివ్వలేదు. తర్వాత దాన్ని ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫార్మాట్‌లో మళ్లీ కట్టారు. ముందే గీసిపెట్టుకున్న అనేక ప్రత్యామ్నాయ రూపాలను మార్చి మార్చి వాడే పద్ధతి అది. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమా 2011లో తన సేకరణలోకి తీసుకున్న 23 డిజిటల్ టైప్‌ఫేస్‌లలో బెయోవుల్ఫ్ ఒకటి.

పోర్ట్‌ఫోలియో కోసం వీడియో తీసి పెట్టుకోవడం అందరూ చేసేదే. వీడియోలో అక్షరం ఎలా కదిలిందో ఉంటుంది, ఎంత గట్టిగా మాట్లాడితే ఎంత లావెక్కేదో ఉండదు. ఇన్‌పుట్ ఏది, దాని కనిష్ఠ గరిష్ఠాలెంత, ఎంత సమయంలో స్పందించాలి, ఏ హద్దు దగ్గర ఆగాలి అన్న నాలుగు సంగతులను కోడ్ పక్కన మామూలు వాక్యాల్లో, అంకెలతో సహా రాసిపెట్టుకుంటే ఇంకో భాషలో, ఇంకో యంత్రం మీద మళ్లీ కట్టడానికి అవి సరిపోతాయి.